సీతాకోకచిలుక రెక్కల్లో కదిలేదేంటి?

ఎన్‌జీసీ 6302 ఫోటో మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు, అదే 2009లో హబుల్ టెలిస్కోప్ తీసిన సీతాకోకచిలుక నెబ్యులా, అంటే ముసలి నక్షత్రం వదిలేసిన గ్యాస్, దుమ్ము మేఘం. నేనైతే దాన్ని చాన్నాళ్లు వాల్‌పేపర్‌గా పెట్టుకుని కూడా అదేంటో పట్టించుకోలేదు, ఎవరో రంగులు ఒలకబోసినట్టుంది అనుకునేవాణ్ని అంతే. తీరా చూస్తే అక్కడ గ్యాస్ గంటకి దాదాపు 9.5 లక్షల కిలోమీటర్ల స్పీడ్‌తో పోతోందట!

(ఇలాంటివాటిని ప్లానెటరీ నెబ్యులా అంటారు, అలా అన్నారని గ్రహాల కోసం వెతక్కండి, పాత టెలిస్కోపుల్లో గుండ్రంగా గ్రహంలా కనిపించాయని పెట్టిన పేరు, మార్చేవాళ్లు లేక అలాగే ఉండిపోయింది.)

ముసలైపోయిన నక్షత్రం ముందు తన పైపొరల్ని నెమ్మదిగా వదిలేస్తుంది, నెమ్మది అంటే సెకనుకి 10-20 కిలోమీటర్లు లెండి. ఆ గ్యాస్, దుమ్ము నడుం చుట్టూ దట్టంగా పేరుకుంటే తర్వాత లోపల్నుంచి వచ్చే వేగమైన గాలికి (గాలంటే నక్షత్రం విసిరే గ్యాసే) పక్కలకి దారి దొరక్క పైకీ కిందకీ తన్నుకుపోతుంది, అవే రెండు రెక్కలు. నడుం దగ్గరే ఎందుకు పేరుకుంటుందంటే పక్కనే తిరుగుతున్న ఇంకో నక్షత్రం వల్ల అని ఎక్కువమంది అంటారు.

ఇంతవరకూ బానే ఉంది కానీ ఫోటోలో కదలిక కనిపించదు కదా, అందుకని వెలుగుని స్పెక్ట్రమ్‌గా, అంటే రంగుల పట్టీగా విడగొడతారు, అందులో గ్యాస్ వెలుగు గీతల్లా కనిపిస్తుంది, మనవైపు వచ్చే గ్యాస్ గీత నీలం వైపు, దూరంగా పోయేది ఎరుపు వైపు జరుగుతుంది. రెక్క పొడవునా అలా కొలుస్తూ పోతే చాలా నెబ్యులాల్లో ఒకటే లెక్క వస్తోంది, మధ్యనుంచి రెండింతల దూరంలో ఉన్న గ్యాస్ రెండింతల స్పీడ్‌లో ఉంది. అంటే అంతా ఇంచుమించు ఒకేసారి బయల్దేరింది, పరుగుపందెంలో లాగా వేగం ఉన్నది ముందుకెళ్లిపోయింది. మరి గాలి వేల ఏళ్లపాటు మెల్లగా ఊదితే ఈ లెక్క రాదుగా! సో నేను పైన చెప్పిన కథ ఒక్కటే సరిపోదు, ఎక్కడో ఒక్క ఊపులో తన్నిన తన్ను కూడా ఉండాలి.

ఎం2-9 అనే ఇంకో రెక్కల నెబ్యులాది ఇంకో రకం మాయ. దీని పాత ఫోటోలూ కొత్తవీ పక్కపక్కన పెడితే రెక్కల్లో మెరిసే ముద్దలు ఒక వైపునుంచి ఇంకో వైపుకి జరుగుతున్నాయి, కానీ గ్యాస్ మాత్రం అలా పక్కకి పోవట్లేదు. మధ్యలో జంట నక్షత్రాలు సుమారు 90 ఏళ్లకో చుట్టు తిరుగుతుంటే లైట్‌హౌస్‌లా వెలుగు పడే చోటు మారుతోంది, అంతే.

ఇలాంటి రెక్కల నెబ్యులాలో ఒక రెక్క కొస సరిగ్గా మనవైపు తిరిగుంటే ఫోటోలో ఉత్త రింగ్ కనిపిస్తుంది, అప్పుడు రెక్కలున్నాయని మనకి చెప్పేది ఆ జరిగిన గీతలే.