పిన్ని కత్తెర, నీళ్లలో తిరిగే సానరాయి

పాలకొల్లులో ఉండే మా పిన్ని ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతోంది. ఆమె దగ్గర ఇత్తడి పిడుల మీరట్ కత్తెర ఒకటి ఉంది. మీరట్ కత్తెరలకు 2013లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పిన్ని ఆ కత్తెరను అంతకు చాలా ముందే కొనుక్కుంది, జారిపోయే జార్జెట్టును సుద్ద గీత తప్పకుండా కోసేది తన దగ్గర అదొక్కటే అంటుంది. రెండేళ్ల క్రితం దాన్ని ఎక్కడో సాన పట్టించుకుని వచ్చి నా చేతిలో పెట్టి, "ఒరేయ్, ఇది గుడ్డను కొయ్యడం లేదురా, నములుతోంది" అంది.

వెలుతురులోకి తెచ్చి చూస్తే రెండు అలుగుల (కోసే రేకుల) కొనల దగ్గర అర అంగుళం మేర ఉక్కు నీలంగా మారి ఉంది. ఆ నీలమే జరిగిన నష్టాన్ని చెబుతోంది. మెరుగు పెట్టిన ఉక్కును వేడి చేస్తే సుమారు 220 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగుకు, 300 డిగ్రీల దగ్గర నీలానికి తిరుగుతుంది. కొలిమిలో కాల్చి, చల్లార్చి, మళ్లీ కొద్దిగా వేడి చేసి తయారీదారు ఇచ్చిన గట్టిదనం ఆ నీలం కనిపించే సరికే బాగా తగ్గిపోయి ఉంటుంది. అలా మెత్తబడిన అంచును ఎంత పదును పెట్టినా నాలుగు రోజులకే మొద్దుబారుతుంది.

మామూలు కరెంటు గ్రైండరు రాయి ఆరు అంగుళాలుండి నిమిషానికి దాదాపు 2,800 చుట్లు తిరుగుతుంది. అంటే రాయి అంచు సెకనుకు సుమారు 22 మీటర్ల వేగంతో ఉక్కును రాస్తుంది. కత్తి అంచు కాగితం కన్నా పలుచనిది కనుక, పుట్టిన వేడి వెనక్కి పాకడానికి దారి లేక అక్కడే నిలిచిపోతుంది. నా చిన్నతనంలో సైకిలు తొక్కుతూ సాన పట్టే అతను మా వీధిలోకి వచ్చినప్పుడు పక్కన డబ్బాలో నీళ్లు పెట్టుకుని కత్తిని మాటిమాటికీ ముంచేవాడు. అతని రాయి కాలి బలంతో తిరిగేది కాబట్టి ఆ జాగ్రత్త సరిపోయేది. కరెంటు రాయి దగ్గర మాత్రం కత్తి నీళ్లలో మునిగేలోపే అంచు కాలిపోతుంది.

పిన్ని కత్తెర చూసిన తరువాతే నేను నీటి సాన యంత్రం కొనుక్కున్నాను. స్వీడన్‌లో 1973లో మొదలైన టోర్మెక్ సంస్థ వల్ల ఈ తరహా యంత్రాలకు పేరు వచ్చింది. నా దగ్గర ఉన్న దాని రాయి 250 మిల్లీమీటర్లది, నిమిషానికి 90 చుట్లు మాత్రమే తిరుగుతుంది; లెక్క కడితే సెకనుకు 1.2 మీటర్లు కూడా ఉండదు. రాయి అడుగు భాగం నీళ్ల తొట్టిలో మునిగి ఉండి, తిరుగుతూ పైకి నీటిని మోసుకొస్తుంది. అంచు తడిగా ఉన్నంతసేపు దాని వేడి ఉక్కు గట్టిదనం చెడే స్థాయి దరిదాపులకు కూడా పోదు. రవ్వలు లేవవు, దుమ్ము ఎగరదు, పిల్లలు పడుకున్న గది పక్కన కూడా పని చేసుకోవచ్చు.

దీనితో పని చేసేటప్పుడు నా కన్నంతా నీటి మీదే ఉంటుంది. కత్తిని రాయికి ఆనించినప్పుడు నీళ్లు అలుగు కిందినుంచే జారిపోతుంటే, రాయి ఇంకా అంచును అందుకోలేదని అర్థం. అంచు దాటి అలుగు మీదికి సన్నని పొరలాగా నీళ్లు ఎక్కాయంటే రాయి సరిగ్గా అంచునే తాకుతున్నట్లు. కోణం కుదిరిందో లేదో తెలుసుకోవడానికి అంచు పొడవునా మార్కరు పెన్నుతో నల్లగా పూసి, రాయిని చేత్తో ఒక్క చుట్టు తిప్పుతాను. సిరా అంచు దాకా పోతే సరే, వెనక మాత్రమే పోతే కోణం మార్చాలి. కూరల చాకుకు ఒక్కో వైపు 15 డిగ్రీలు చాలు. కొబ్బరి బొండాలు చెక్కే కత్తికి అంతకు రెట్టింపు ఇవ్వకపోతే పీచు మీద వేసిన రెండో దెబ్బకే అంచు మడత పడుతుంది. చేపలు కోసే చాకును నేను, సాన తరువాత అంచుకు మెరుగు పెట్టే తోలు చక్రం మీద మరీ నున్నగా చేయను, ఎందుకంటే అద్దంలా మెరిసే అంచు చేప తోలు మీద జారుతుంది, కొంచెం గరుకుగా ఉన్నది పట్టుకుని కోస్తుంది.

మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లు వాడిన మొదటి వారంలోనే ఒక చాకు మీద తుప్పు మచ్చలు వచ్చాయి. ఇప్పుడు తాగే నీళ్లే పోస్తాను, పని అవగానే తుడిచి ఆరబెట్టి, కొబ్బరినూనె వేలితో రాసి పెడతాను. తొట్టిని కూడా వెంటనే ఖాళీ చేయాలి. రాయి నీళ్లలో నిలిచి ఉంటే ఒక పక్కే నీరు పీల్చుకుని బరువు తేడా వస్తుంది.

ఇక కత్తెర. దాని రెండు అలుగులు లోపలి వైపు కొద్దిగా పల్లంగా, నిలువునా కొంచెం వంపుగా ఉంటాయి. అందుకే కత్తెర మూసేటప్పుడు రెండు అంచులు ఎప్పుడూ ఒక్క బిందువు దగ్గరే కలుస్తాయి, ఆ బిందువు మొదలు నుంచి కొన దాకా జరుగుతూ పోతుంది. కాబట్టి సాన బయటి వాలుకే పట్టాలి, లోపలి ముఖం జోలికి పోకూడదు. పిన్ని కత్తెరను లోపలి వైపు కూడా రాచి, కొనల దగ్గర ఆ పల్లాన్ని చదును చేసేశారు. నేను మర తీసి అలుగులను విడదీసి, పాత వాలు కోణాన్నే పట్టుకుని, నీలం పూర్తిగా పోయేదాకా రెండు మధ్యాహ్నాలు తడిరాయి మీద నిదానంగా అరగదీశాను. అవతలి వైపు లేచిన సన్నని ఇనుప పొరను, మూసేముందే, నున్నని రాయి మీద లోపలి ముఖాన్ని బల్లపరుపుగా ఆనించి ఒక్కసారి లాగి తీసేశాను. దాన్ని అలాగే ఉంచి మూస్తే రెండో అంచును గీకేస్తుంది. మరను మళ్లీ బిగించి, ఒక పిడి పట్టుకుని రెండోదాన్ని పైకెత్తి వదిలితే అది సగం దాకా దిగి ఆగాలి. పూర్తిగా పడిపోతే వదులు ఎక్కువైనట్లు, కదలకపోతే బిగువు ఎక్కువైనట్లు.

తడిపిన పలుచటి నూలుగుడ్డ మీద పరీక్షించాం. ఇప్పుడది మొదలు నుంచి శుభ్రంగా కోస్తోంది. చివరి పావు అంగుళం దగ్గర మాత్రం గుడ్డ ఇంకా మడత పడుతోంది, ఎందుకంటే లోపల పోయిన పల్లాన్ని తిరిగి తెచ్చే పనితనం నాకు లేదు. చంక వంపులు, మెడ మూలలు వచ్చినప్పుడు పిన్ని దాన్ని పక్కన పెట్టి చిన్న కత్తెర అందుకుంటోంది.