2^67−1 లాగ్: ఆరు బిట్లు కొట్టిన దెబ్బ

హమ్మయ్య, 2^67−1 ఫ్యాక్టర్లు దొరికాయి. నాలుగు రాత్రులు తినేసింది, అదీ ఎందుకో తెలిశాక నా మీద నాకే నవ్వొచ్చింది.

2^67−1 అంటే 147573952589676412927. గణితజ్ఞుడు మెర్సెన్ 1644లో దీన్ని ప్రైమ్ అన్నాడు, లూకాస్ 1876లో కాదని తేల్చాడు గానీ ఫ్యాక్టర్ చూపించలేదు, 1903లో కోల్ చేత్తోనే లెక్కేసి చూపించాడు, నేనేమో ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుని కూడా...

పోయిన వారం నా సీ ప్రోగ్రామ్ 3 ఫ్యాక్టర్ అంది. అంకెలన్నీ కూడితే 109, మూడెలా పోతుంది? చూస్తే నంబర్ చదివే ఫంక్షనే 64 బిట్ల దగ్గర ఆగిపోయి 2^64−1 చేతిలో పెట్టింది, నేను దానికి బుద్ధిగా 3, 5, 17, 257, 641, 65537, 6700417 అని తీసుకుంటూ కూర్చున్నా 😂

సరే అని 128 బిట్లకి మార్చి పొలార్డ్ రో (ఒక ఫార్ములాతో నంబర్ల వరస పుట్టిస్తూ, ప్రతిసారీ మన నంబర్‌తో భాగించిన శేషం ఉంచుకుని, వాటి తేడాలో ఫ్యాక్టర్ వెతికే పద్ధతి) మళ్లీ రన్ చేశా. చిన్న ఫ్యాక్టర్ తొమ్మిదంకెలది, వర్గమూలం దాదాపు 13,918, కాబట్టి ఆ రేంజ్ స్టెప్పుల్లో దొరకాలి. 40 లక్షలు దాటినా గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం) 1, 1, 1. ముందు వరస పుట్టించే x²+1 ఫార్ములా మీద అనుమానం, అందులోని 1ని (c అంటారు) ఆరుసార్లు మార్చా. తర్వాత గసాభా ఫంక్షన్ మీద, అది మళ్లీ మొదట్నుంచీ రాశా. వరస ఎక్కడ తిరగబడుతుందో పట్టే ఫ్లాయిడ్ పద్ధతి తీసేసి బ్రెంట్‌ది పెట్టా. ఊహూ. చిరాకేంటంటే 2^59−1కి 179951, 2^64+1కి 274177 టకటకా ఇచ్చేస్తోంది, ఇదొక్కటే మొండికేసింది.

చివరికి ఆ వరసని సీలోనూ పైథాన్‌లోనూ పక్కపక్కన ప్రింట్ చేశా. 2, 5, 26, 677, 458330, 210066388901, ఇక్కడిదాకా రెండూ ఒకటే, ఇంకొంచెం పోయాక దేని దారి దానిదే. 67 బిట్లని 67 బిట్లతో గుణిస్తే 134 కదా! నా డబ్బా (నంబర్ పట్టే చోటు) 128. ఆరు బిట్లు గప్‌చుప్‌గా పైనుంచి కారిపోతున్నాయి, ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. మన నంబర్ 2^64కి దాదాపు ఎనిమిది రెట్లు, అంటే ఎనిమిది స్టెప్పుల్లో ఏడింటికి లెక్క తప్పే. 2^64+1 సరిగ్గా గీత మీద ఉండి బతికిపోయింది, నన్ను మాత్రం ముంచింది.

గుణకారాన్ని ఒక్కసారిగా కాకుండా బిట్ బిట్‌గా డబుల్ చేసి కూడే పద్ధతిలోకి మార్చా, అర సెకను పట్టలేదు: 193707721 × 761838257287.

జీఎమ్‌పీ (పెద్ద నంబర్ల లెక్కల లైబ్రరీ) వాడొచ్చు కదా అంటారు, వాడొచ్చు, కానీ అప్పుడు ఈ సరదా ఉండదు. అసలు పైథాన్‌లోనే రాసుంటే ఈ గొడవే వచ్చేది కాదు, స్లో అని తిడతాం గానీ పెద్ద నంబర్ల విషయంలో దాన్ని నమ్మొచ్చు.

ఈ ఆదివారం p−1 పద్ధతి (ఫ్యాక్టర్‌లోంచి 1 తీస్తే చిన్న ప్రైమ్‌లుగా విడిపోయేట్టయితే పట్టేసే పద్ధతి) ట్రై చేస్తా. 193707720 = 2^3 × 3^3 × 5 × 67 × 2677, ఆ ప్రైమ్‌ల బౌండ్ 3000 పెట్టినా పడిపోవాలి, ముందే తెలిసిన జవాబు కాబట్టి కాస్త చీటింగే అనుకోండి. ఆ తర్వాత 2^101−1. దాని చిన్న ఫ్యాక్టరే 13 అంకెలు, రోకి 27 లక్షల స్టెప్పుల రేంజ్, ఈ డబుల్-కూడు గుణకారంతో ఈడ్చలేను. 101 బిట్ల పైనున్న ముక్కని కోసి కింద కలిపేసే ట్రిక్ రాయాలి, లబ్ధం 202 బిట్లు కాబట్టి ఈసారి డబ్బా సైజు ముందే కొలుచుకుని మొదలెడతా.