బరువు లేని మాంగనీస్

మొన్న శనివారం పలాస పాసింజర్‌లో గరివిడి స్టేషన్‌లో దిగేసరికి నా బ్యాగులో రెండు వస్తువులున్నాయి. ఒకటి బొటనవేలంత గాజు సీసా. అందులో లేత పసుపు కలిసిన ఆకుపచ్చ పలుకులు, చెంచాడు కూడా ఉండవు. రెండోది దొంగనోట్లు పట్టుకోడానికి కొట్లలో వాడే యూవీ టార్చి. రెండూ మా నాయనమ్మకి చూపించాలని తెచ్చాను.

నాయనమ్మ పెళ్లయి ఈ ఊరొచ్చిన ఏడాది నుంచి మాంగనీస్ క్వారీలో పనిచేసింది. మగవాళ్లు తవ్వి పోసిన రాళ్లని సుత్తితో కొట్టి, మంచి రాయి ఒక పక్కకి, చెత్త ఒక పక్కకి ఏరడం ఆడవాళ్ల పని. ఆ ఏరడం కంటితో కన్నా చేత్తోనే ఎక్కువ అనేది. మంచి రాయి చిన్నదైనా బరువుంటుంది, చేతికి నల్లగా అంటుకుంటుంది. నా చిన్నప్పుడు సాయంత్రం పూట నూతి దగ్గర ఆవిడ చేతులు కడుక్కుంటుంటే నీళ్లు కాటుక కలిపినట్టు పారేవి. రెండు బకెట్లు పోశాక కూడా గోళ్ల చివర నలుపు అలాగే ఉండేది. ఆ చేత్తోనే అన్నం కలిపి నాకు ముద్దలు పెట్టేది.

చీపురుపల్లి, గరివిడి, గర్భాం చుట్టుపక్కల ఊళ్లకి ఈ రాయితో నూరేళ్లు దాటిన పరిచయం. మన దేశంలో మాంగనీస్ తవ్వకం 1892లో మా విజయనగరం వైపే మొదలైంది. ఇక్కడి కోడూరు గనిలోని ఒక రకం రాతికి లూయిస్ ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 'కోడూరైట్' అని పేరు పెట్టాడు. ఎమ్మెస్సీలో ఉండగా లైబ్రరీలో ఆ పేరు కంటపడినప్పుడు పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. నాయనమ్మ రోజూ పొద్దున్నే క్యారేజీ పట్టుకుని వెళ్లిన వైపు ఊరి పేరు అది.

నేనిప్పుడు విశాఖలో ఒక ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. కాంతి తగిలితే తిరిగి వెలిగే లోహ సమ్మేళనాలు నా పని. ఈ రంగంలో పెద్దపీట ఇరిడియం, రుథేనియం అనే అరుదైన లోహాలది. మన ఫోన్లలో ఓలెడ్ తెర ఉంటే, అందులో ఎరుపూ ఆకుపచ్చా వెలిగించే పదార్థాలు ఎక్కువగా ఇరిడియం సమ్మేళనాలే. కానీ ప్రపంచం మొత్తం మీద ఏడాదికి తీసే ఇరిడియం పది టన్నులు కూడా ఉండదు. అదీ చాలావరకు ప్లాటినం గనుల్లో ఉప ఉత్పత్తిగా వచ్చేదే. చవగ్గా, బోలెడంత దొరికే లోహంతో అదే పని చేయించగలమా అన్న ప్రశ్న నుంచి మా గైడు గారు నలుగురు విద్యార్థులకీ నాలుగు లోహాలు పంచారు. మాంగనీస్ నేను అడిగి తీసుకున్నాను.

ఇది ఎలా వెలుగుతుందో నాకు తోచినట్టు చెప్తాను. రెండు ధనావేశాలున్న మాంగనీస్ అయాన్‌లో డి అనే ఐదు ఆర్బిటాళ్లలో (ఎలక్ట్రాన్లు ఉండే చోట్లలో) ఐదు ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఐదు గదుల ఇంట్లో గదికొకరు చొప్పున ఐదుగురూ ఒకే దిక్కుకి తిరిగి నిలబడినట్టు. కాంతిని తీసుకోవాలంటే వాళ్లలో ఒకరు వెనక్కి తిరగాలి. క్వాంటం నియమాలు అందుకు అంత సులువుగా ఒప్పుకోవు. అందుకే మామూలు మాంగనీస్ లవణాలకి రంగు చాలా తక్కువ, కడిగేసినట్టున్న గులాబీ రంగు. అయితే ఒకసారి తిరిగినవాడు మళ్లీ యథాస్థానానికి రావడమూ అంతే కష్టం. మామూలు ఫ్లోరోసెంట్ రంగులు కొన్ని నానోసెకన్లలో కాంతిని వదిలేస్తే, మాంగనీస్ వందల మైక్రోసెకన్లు పట్టుకుని కూర్చుంటుంది. ఆ తర్వాత వదిలేది ఏ రంగు అన్నది చుట్టూ ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. నాలుగు బ్రోమైడ్‌ల (బ్రోమిన్ అయాన్ల) మధ్య కూర్చుంటే ఆకుపచ్చ, తరంగదైర్ఘ్యం సుమారు 520 నానోమీటర్లు. చుట్టూ ఆరుగురు చేరితే ఒత్తిడి పెరిగి, రంగు నారింజ, ఎరుపు వైపు జరుగుతుంది. లోహం అదే, ఆవేశమూ అదే. ఇరుగుపొరుగు మారితే వెలుగు మారిపోతుంది! మూడేళ్లుగా చేస్తున్నా ఈ మాట రాస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

నా సీసాలోది మాంగనీస్ బ్రోమైడ్‌కి టెట్రాఇథైల్ అమోనియం బ్రోమైడ్ కలిపి చేసింది. ఇథనాల్‌లో రెండూ కరిగించి, కలిపి, చల్లారనిస్తే పలుకులు కడతాయి. వినడానికి ఇంతే. కిందటి ఆగస్టులో రాత్రి పదకొండుకి తయారైన పొడిని వాచ్‌గ్లాసులో తెరిచి పెట్టి హాస్టల్‌కి వెళ్లిపోయాను. తెల్లవారేసరికి విశాఖ వానగాలి దాని పని అది చేసేసింది. పొడి చెమ్మగిల్లి ముద్దయింది. టార్చి వేస్తే అంచుల్లో మాత్రం ఆకుపచ్చ, నడిమధ్య చచ్చిపోయినట్టు చీకటి. నీళ్లు బ్రోమైడ్‌లని పక్కకి నెట్టి తామే మాంగనీస్‌ని పట్టుకుంటే ఆ వెలుగు ఉండదు. ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను. వాక్యూమ్ ఓవెన్‌లో ఆరబెట్టాక వెలుగు తిరిగొచ్చింది. అప్పటినుంచి మూత లేకుండా ఒక్క గంటైనా డెసికేటర్ (తేమ చేరనివ్వని పాత్ర) బయట పెట్టను.

శనివారం రాత్రి భోజనాలయ్యాక ట్యూబ్‌లైట్ ఆర్పేసి నాయనమ్మని మంచం మీద కూర్చోబెట్టాను. (ఆ పాతకాలం ట్యూబ్‌లైట్ లోపలి తెల్లపొడిలోనూ కొంచెం మాంగనీస్ ఉంటుంది. యాంటిమొనీ ఇచ్చే నీలానికి అది నారింజ కలిపితేనే మనకి తెల్లగా కనిపిస్తుంది.) టార్చి వేయగానే సీసా నిండా ఆకుపచ్చ. నాయనమ్మ ముఖం మీద కూడా ఆ వెలుగు పడింది.

"ఓలమ్మో! ఏటే గుంటా ఇది?"

"మీ మేంగనీసే నాయనమ్మా."

నమ్మలేదు. రెండు గాజు పలకల మధ్య నాలుగు పలుకులు పెట్టి, చుట్టూ టేపు వేసి ఉంచాను. టార్చి ఆపేసి, ఆ చీకట్లో పలకల్ని గట్టిగా నొక్కాను. పలుకులు చిట్లిన చోటల్లా సన్నగా ఆకుపచ్చ మెరుపు. పలుకు పగిలినప్పుడు విడిపోయిన రెండు తలాల మధ్య విద్యుదావేశాలు వేరుపడి ఇలా వెలుగొస్తుందని అంటారు. ఏళ్ల తరబడి సుత్తితో రాళ్లు కొట్టిన మనిషి ఆవిడ. మాట్లాడకుండా పలకలు నా చేతిలోంచి తీసుకుని తనే నొక్కింది. మెరుపు ఇక రానంతవరకూ నొక్కింది.

లైటు వేశాక సీసాని అరచేతిలో పెట్టుకుని, క్వారీలో రాయిని చూసినట్టు రెండుసార్లు పైకీ కిందకీ ఆడించింది.

"బరువు నేదే. ఇది మా తట్టలో ఎయ్యరు, అవతల పారేత్తారు."

ఆ చెయ్యి తప్పు చెప్పలేదు. లెక్క వేస్తే నా సమ్మేళనంలో మాంగనీస్ నూటికి తొమ్మిది పాళ్లు కూడా ఉండదు. మిగతాదంతా బ్రోమిన్, కార్బన్, నైట్రోజన్, హైడ్రోజన్.

తర్వాత లేచి వెళ్లి గుమ్మం దగ్గర తలుపుకి అడ్డం పెట్టే రాయి తెచ్చింది. ఆవిడ పని మానేసిన రోజు క్వారీ నుంచి తెచ్చుకున్న మంచి గ్రేడు రాయి. "దీని మీద ఎయ్యి" అంది. వేశాను. నల్లగా అలాగే ఉంది. "మరి దీనికెందుకు రాదు? ఇందులో బోలెడు ఉంది గదా!"

నిజమైన ప్రశ్న అది. ఆ రాయి ఆక్సైడ్, పడిన కాంతినంతా మింగేస్తుంది. దాన్లో మాంగనీస్‌లు ఒకదాన్నొకటి ఒరుసుకుని కిక్కిరిసి ఉంటాయి. అంత దగ్గరగా ఉంటే ఒకటి అందుకున్న శక్తి పక్కదానికి, అక్కణ్ణుంచి ఇంకోదానికి చేతులు మారి, ఏదో లోపం దగ్గర వేడిగా పోతుంది. నా పలుకుల్లో పెద్ద పెద్ద అమోనియం అయాన్లు మధ్యలో అడ్డుండి మాంగనీస్‌లని దూరం దూరంగా ఉంచుతాయి. ఎవరి శక్తి వాళ్ల దగ్గరే ఉండి, వెలుగుగా బయటికొస్తుంది. ఇదంతా "రద్దీ బస్సు, ఖాళీ బస్సు" అని చెప్పాను. ఆవిడ విని, "అయితే బరువు తగ్గితేనే ఎలుగా?" అంది.

అవును నాయనమ్మా, ఈ పలుకుల్లో అంతే.

ఆదివారం రాత్రికి ల్యాబ్‌కి వచ్చేశాను. టెట్రాఇథైల్ బదులు ఇంకా పెద్దదైన టెట్రాబ్యూటైల్ అమోనియం వేసి కొత్త ద్రావణం పెట్టాను. నూటికి ఏడు పాళ్లు కూడా మాంగనీస్ ఉండదు. బుధవారం అయింది, ఇంకా పలుకులు కట్టలేదు.