హాస్పిస్ కోసం 250 కిలోమీటర్ల నడక: నా అనుభవం

నేను పదకొండేళ్లుగా, తీవ్రమైన జబ్బులతో ఉన్నవారి నొప్పిని, బాధను తగ్గించే పాలియేటివ్ కేర్ విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. జీవితపు చివరి దశలో ఉన్న రోగుల ఇళ్లకు వెళ్లి సేవ చేసే మా హాస్పిస్ బృందంలో రాత్రిపూట కూడా ఒక నర్సు ఉండేందుకు నిధులు సేకరించాలని, కిందటి సంవత్సరం పది రోజుల్లో 250 కిలోమీటర్లు నడిచాను. పగలు ఎలాగో ఓర్చుకున్న నొప్పి, ఆయాసం అర్ధరాత్రి దాటాక భయంగా మారతాయి. ఫోను ఎత్తి ధైర్యం చెప్పే మనిషి లేక, ఇంట్లోనే కన్నుమూయాలని కోరుకున్నవారిని ఆ భయంలోనే అత్యవసర విభాగానికి తీసుకురావడం నేను ఎన్నోసార్లు చూశాను.

నడక కన్నా ముందు వచ్చిన కష్టం, హాస్పిస్ అంటే ఏమిటో చెప్పడం. ఇక చేసేదేమీ లేదన్నప్పుడు పంపే చోటు అనే అభిప్రాయం విరాళం అడిగిన చాలాచోట్ల ఎదురైంది. చేయవలసిన పని అప్పుడే ఎక్కువని నాకు తెలుసు కాబట్టి ఆ మాట మనసుకు కష్టంగా ఉండేది. వాదించడం మాని, డేవిడ్ టాస్మా సంగతి చెప్పడం మొదలుపెట్టాను. 1948లో క్యాన్సర్‌తో మరణించిన ఆయన, తనను చూసుకున్న సిసిలీ సాండర్స్‌కు 500 పౌండ్లు వదిలి, మరణానికి దగ్గరైనవారి కోసం ఆమె కట్టబోయే ఇంటికి తానొక కిటికీనవుతానన్నాడు. అంతకుముందు నర్సుగా పనిచేసిన ఆమె ఆ తరువాత వైద్యం చదివి, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను తెరిచారు. మొదటి విరాళం ఒక రోగిదేనని విన్నాక చాలామంది నా మాట చివరిదాకా వినేవారు. పాలియేటివ్ కేర్ అవసరమైన వారిలో సుమారు 14 శాతం మందికే అది అందుతోందన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాను అప్పుడు చెప్పేదాన్ని.

రోగుల పేర్లు, ఫొటోలు ఎక్కడా వాడకూడదనీ, విరాళాలు నేరుగా హాస్పిస్ ఖాతాకే వెళ్లాలనీ, నా దారి ఖర్చు నేనే పెట్టుకోవాలనీ మొదటే నిర్ణయించుకున్నాను. డ్యూటీల మధ్య పదహారు వారాలు సాధన చేశాను. వారం వారం దూరాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ, చివరి నెలలో వరుసగా రెండు రోజులు పాతికేసి కిలోమీటర్లు నడవడం అలవాటు చేసుకున్నాను. గంటల తరబడి నడిస్తే పాదాలు ఉబ్బుతాయి కనుక బూట్లు కొంచెం పెద్దవి తీసుకున్నాను. చెమటను పట్టి ఉంచే నూలు మేజోళ్లు మానేశాను.

ఇంత చేసినా, మూడో రోజు తప్పు చేశాను. పదకొండో కిలోమీటరు దగ్గర ఎడమ మడమ వేడెక్కినట్టు అనిపించింది. మధ్యాహ్నం ఆగినప్పుడు చూసుకోవచ్చులే అనుకుని నడిచాను. అప్పటికి రూపాయి బిళ్ళంత బొబ్బ లేచింది. శుభ్రం చేసిన సూదితో అంచున నీరు తీసి, పైచర్మం ఊడకుండా పట్టీ వేస్తుండగా, ప్రతిరోజూ కుటుంబాలకు నేను చెప్పే మాటే గుర్తుకొచ్చింది. తీవ్రమైన నొప్పికి వాడే మందైన మార్ఫిన్‌ను నొప్పి తిరిగి వచ్చాక కాక, రాకముందే, గడియారం ప్రకారం ఇవ్వాలి. సాండర్స్ పట్టుబట్టి నిలబెట్టిన పద్ధతి అదే. ఆ రోజు నుంచి నొప్పి ఉన్నా లేకపోయినా గంటకోసారి ఆగి బూట్లు విప్పాను, మడమ వేడెక్కకముందే టేపు వేశాను, దాహం వేయకముందే కొద్దికొద్దిగా ఉప్పు కలిసిన నీరు తాగాను. ఆ పుండు మానలేదు గానీ, కొత్త బొబ్బ ఒక్కటి కూడా రాలేదు.

ఆరో రోజు, మా సేవ అందుకున్న ఒక కుటుంబానికి చెందిన పెద్దాయన నాతో నాలుగు కిలోమీటర్లు నడిచారు. మూడు కిలోమీటర్లు మౌనంగానే నడిచి, చివరికి ఒక ప్రశ్న అడిగారు. మందు ఎక్కువై భార్య ప్రాణానికి ముప్పు వస్తుందేమోనని ఆయన రాత్రి మోతాదులు కొన్ని ఇవ్వలేదట; తెల్లవారుజామున ఆమె నొప్పితో మెలికలు తిరిగిందట. అది తన తప్పేనా అని అడిగారు. రోగి పరిస్థితిని గమనిస్తూ సరైన మోతాదులో ఇచ్చే మార్ఫిన్ ఆయుష్షును తగ్గించదని చెప్పాను. ఆ సంగతి రాత్రిపూట ఆయనకు చెప్పవలసిన బాధ్యత మాది, ఆ వేళకు మావాళ్లెవరూ లేరని కూడా చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడిపోయారు. విరాళం ఎంత వచ్చిందని ఎవరు అడిగినా నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ నాలుగో కిలోమీటరే.

చేరిన డబ్బు పద్నాలుగు నెలలపాటు రాత్రి నర్సు జీతానికి సరిపోతుంది. నియామకం పూర్తయ్యేలోగా మొదటి వారం ఆ డ్యూటీ నేనే చేశాను. రెండో రాత్రి రెండు గంటలు దాటాక ఒక అమ్మాయి ఫోన్ చేసింది. తల్లికి తరువాతి మోతాదుకు ఇంకా రెండు గంటలు ఉందనీ, నొప్పి అప్పుడే మొదలైందనీ, వేచి ఉండాలా అనీ అడిగింది. వేచి ఉండవద్దని చెప్పి, చీటీలో అదనపు మోతాదు రాసి ఉన్న వరుసను ఆమె చేత చదివించాను. ఆమె మందు కొలిచి పట్టించి, తల్లి నిద్రపోయిందని చెప్పేవరకు ఫోన్ పెట్టలేదు.