పెల్లెట్ బాయిలర్, వేడినీళ్ల ఖర్చు: నా అనుభవం

మా ఇంట్లో చలికాలం వెచ్చదనానికీ, ఏడాది పొడవునా వేడినీళ్లకీ ఒకటే పెల్లెట్ బాయిలర్. రంపపు పొట్టును గట్టిగా ఒత్తి చేసిన 6 మిల్లీమీటర్ల గుళికలు, అంటే పెల్లెట్లు, దాని ఇంధనం. చలి తగ్గాక గదులు వేడి చేసే పని ఉండదు కాబట్టి బస్తాలు బాగా మిగలాలి. కానీ పెల్లెట్లు పోసే హాపర్ ఖాళీ అవుతున్న తీరు చూస్తే, స్నానాలకీ గిన్నెలు కడగడానికీ ఇంత కాలాలా అనిపించింది.

కాగితం తీసుకుని లెక్క వేశాను. 100 లీటర్ల నీళ్లను 40 డిగ్రీలు వేడెక్కించాలంటే సుమారు 4.65 యూనిట్ల వేడి కావాలి. పొడిగా ఉన్న మంచి పెల్లెట్లు కిలోకి దాదాపు 4.8 యూనిట్లు ఇస్తాయి. అంటే నష్టమే లేకపోతే 100 లీటర్లకు కిలో చాలు. బాయిలర్ నష్టాలు కలిపి కిలోంబావు అనుకున్నా, రోజుకు 150 లీటర్లు వాడే ఇంట్లో 15 కిలోల బస్తా వారం దాటి రావాలి. మాకు రావడం లేదు. మిగతాదంతా ఎటు పోతోంది?

సమాధానం కోసం బాయిలర్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వేడినీళ్ల ట్యాంకు మూడు డిగ్రీలు చల్లబడితే చాలు, బాయిలర్ వెలుగుతోంది. ముందు ఇగ్నైటర్ వేడిగాలి ఊదుతుంది, పెల్లెట్లు కాసేపు పొగలు కక్కుతాయి, తర్వాతే మంట. ఆ మంట మొదట బాయిలర్ ఇనుమునీ, లోపలి నీళ్లనీ వేడెక్కించాలి. ట్యాంకుకు వేడి అందడం మొదలైన కాసేపటికే పని పూర్తయి ఆరిపోతుంది. ఇనుములో మిగిలిన వేడి చిమ్నీలోంచీ, గదిలోకీ పోతుంది. కొన్ని గంటలకు మళ్లీ మొదలు. నీళ్ల కంటే ఈ వెలగడం, ఆరడానికే ఎక్కువ ఖర్చవుతోందని అక్కడే అర్థమైంది.

సెట్టింగుల్లో ఆ తేడాను 15 డిగ్రీలకు పెంచి, రోజుకోసారి సాయంత్రం ఒకే విడతలో ట్యాంకు కాగేలా టైమ్ పెట్టాను. 60 డిగ్రీల దాకా వేడెక్కించడం మాత్రం మానలేదు. గోరువెచ్చటి నీళ్లు నిలవుంటే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియొనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. పొదుపు కోసం అక్కడ తగ్గించడం నాకు సమ్మతం కాదు. కుళాయి తిప్పగానే వేడినీళ్లు రావడానికి పైపుల్లో నీటిని తిప్పే చిన్న పంపు ఒకటి రాత్రింబవళ్లు నడుస్తుండేది. దానికి టైమర్ పెట్టించాను. ట్యాంకు పైన తొడుగు లేని పైపులను చేత్తో తాకితే చురుక్కుమనేది, వాటికి ఇన్సులేషన్ చుట్టాం.

ఇక శుభ్రం చేయడం. ఇక్కడ బద్ధకిస్తే ఏ సెట్టింగూ పనిచేయదు. బర్నర్ గిన్నెలో బెల్లం అచ్చులా గట్టిపడిన బూడిద ముద్ద కనిపించింది. పెల్లెట్లలో మట్టి, బెరడు కలిస్తే ఆ బూడిద కరిగి ఇలా అతుక్కుంటుంది. గాలి రంధ్రాలు మూసుకుపోయి మంట ఎర్రగా, పొగగా లేస్తుంది. గిన్నెను గీకి, ఒక్కో రంధ్రాన్నీ సన్నటి ఊచతో తెరిచాను. తర్వాత వేడి మార్చే గొట్టాల్లో బ్రష్ ఆడిస్తే మసి పొరలు పొరలుగా రాలింది. ఫలితం డిస్‌ప్లేలోనే కనిపించింది. పొగ వేడి నలభై డిగ్రీలకు పైగా తగ్గింది. అంతకుముందు ఆ వేడంతా చిమ్నీలోకే వెళ్లిపోయిందన్నమాట! అప్పటి నుంచి ఆ అంకె మీద ఓ కన్నేసి ఉంచుతున్నాను. పెరగడం మొదలైతే బ్రష్ పట్టుకోవాల్సిందే.

తలుపు సీలు చూడటం తేలిక. కాగితం ముక్క మధ్యలో పెట్టి తలుపు బిగించి లాగాలి. సులువుగా జారి వచ్చేస్తే సీలుగా ఉన్న తాడు మార్చాలి. గాలి, ఇంధనం పాళ్లు సరిచేయడం మాత్రం ఏడాదికోసారి వచ్చే మెకానిక్‌కే వదిలేశాను. పొగను కొలిచే పరికరం లేకుండా అందులో వేలు పెట్టకూడదు.

రెండు జాగ్రత్తలు గట్టిగా చెప్పాలి. బూడిద పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పు కణికలు ఒక రోజు దాటి కూడా ఉండొచ్చు. మూత ఉన్న ఇనుప డబ్బాలోనే పోయాలి, మామూలు వాక్యూమ్ క్లీనర్‌తో పీల్చకూడదు. ఇంకోటి ప్రాణాలకు సంబంధించినది. మూసి ఉన్న గదిలో పెద్ద మొత్తంలో నిల్వ చేసిన పెల్లెట్లు మంట లేకుండానే కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి. దానికి వాసన ఉండదు. బాయిలర్ ఆపి, గదికి బాగా గాలి తగలనిచ్చి, బయట ఒక మనిషిని నిలబెట్టి, ఆ వాయువును కొలిచే మీటరు చూసుకున్నాకే లోపల అడుగుపెట్టాలి. పిల్లలను ఆ ఛాయలకే రానివ్వకండి.

ఇప్పుడు బస్తా వారం దాటి వస్తోంది, నా కాగితం మీది లెక్కకు దగ్గరగానే. ఇంకా చూడాల్సింది ట్యాంకు లోపలి మెగ్నీషియం కడ్డీ. తుప్పు ట్యాంకును తినకుండా ముందు అది అరిగిపోతుంది. ఈసారి సర్వీసుకు మెకానిక్ వచ్చినప్పుడు దాన్ని బయటికి తీయించి చూస్తాను.