ముక్కు మీద వేలు

2019 జూన్‌లో అమ్మాయి దగ్గరికి లండన్ వెళ్లాం. టవర్ బ్రిడ్జి, కోహినూరు, రాణిగారి ఇల్లు అన్నీ చూశాం. వాటి గురించి రాసేవాళ్లు బోలెడంతమంది. నాకు మాత్రం ఆ నెల రోజుల్లో గట్టిగా గుర్తుండిపోయినవి ఒక తిమింగలం చెయ్యి, ఒక మూడో నంబరు బస్సు.

ఆరేళ్ల మనవడి పోరు పడలేక సౌత్ కెన్సింగ్టన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియానికి బయల్దేరాం. టికెట్ లేదన్న సంతోషం దారిలో కొన్న శాండ్‌విచ్‌తో ఆవిరైపోయింది. ఐదు పౌన్లు! తొంభై పెట్టి గుణిస్తుంటే "నాన్నా, ఇక్కడ లెక్కలు మానెయ్" అని అమ్మాయి విసుక్కుంది.

హాల్లోకి వెళ్లగానే నీలి తిమింగలం అస్థిపంజరం, పాతిక మీటర్ల పొడవు, నోరు తెరిచి మన మీదికి దూకుతున్నట్టు వేలాడుతోంది. నేను ముప్పై ఒక్క ఏళ్లు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పాను. జీవపరిణామం పాఠం రాగానే బోర్డు మీద వరసగా మనిషి చెయ్యి, గబ్బిలం రెక్క, గుర్రం కాలు, తిమింగలం తెడ్డు గీసేవాణ్ణి. నిర్మాణసామ్య అవయవాలు, అంటే పనులు వేరైనా లోపలి ఎముకల అమరిక ఒకటే, పరీక్షలో తప్పకుండా వస్తుంది, రాసుకోండి! తిమింగలానికి ఐదు వేళ్లు వేసేవాణ్ణి. ఇప్పుడు రెయిలింగ్ పట్టుకుని లెక్కపెట్టాను. నాలుగు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. నాలుగే. ఐదు వేళ్లున్న తిమింగలాలూ ఉన్నాయి గానీ, నేను ‘నీలి తిమింగలం’ అని పేరు పెట్టి మరీ చెప్పాను!

మెట్ల మీద పాలరాతి డార్విన్ దర్జాగా కూర్చున్నాడు. అసలు ఈ భవనం కావాలని ఇరవై ఏళ్లు పట్టుబట్టి, 1881లో జనానికి తెరిపించినవాడు రిచర్డ్ ఓవెన్ అనే జీవశాస్త్రవేత్త. ఆ చోట ఆయన కంచు విగ్రహమే ఉండేది. డార్విన్ ద్విశత జయంతికి ఆయన్ని తప్పించి ఈయన్ని తెచ్చారు. ఆ నిర్మాణసామ్యానికి, అంటే హోమోలజీకి, మనం ఇప్పటికీ పిల్లల చేత వల్లె వేయించే నిర్వచనం ఓవెన్ 1843లో ఇచ్చిందే. దాన్ని డార్విన్ తన సిద్ధాంతానికి సాక్ష్యంగా వాడుకున్నాడు. ఓవెనేమో ఆ సిద్ధాంతం మీద 1860లో పేరు లేకుండా ఘాటైన సమీక్ష రాసి, అందులో తనను తానే పొగుడుకున్నాడు. అంతకుముందు డార్విన్ దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన శిలాజాల్ని పరిశీలించి పెట్టింది కూడా ఓవెనే. ఇన్నేళ్లూ ఆయన మాట చెప్పి జీతం తీసుకుంటూ ఒక్కసారీ ఆయన పేరెత్తలేదే అని సిగ్గేసింది.

ఆ సిగ్గుతోనే రెండు రోజులకు క్రిస్టల్ ప్యాలెస్ పార్కుకు వెళదామన్నాను. బ్రిక్స్టన్‌లో ట్యూబ్ రైలు దిగి మూడో నంబరెక్కాం. మనిషికి పౌనున్నర. పైఅంతస్తులో ముందు సీటు దొరికింది. దారి పొడవునా కొమ్మలు అద్దానికి టపటపా కొట్టుకుంటుంటే మనవడు ప్రతిసారీ తల వంచాడు. నేనూ వంచాను.

పార్కు చెరువు మధ్యలో డైనోసార్లు. ఓవెన్ సలహాతో హాకిన్స్ అనే శిల్పి చేశాడు. 1854 నుంచి అక్కడే ఉన్నాయి. మెగలోసారస్, ఇగ్వానోడాన్, హైలియోసారస్. 1842లో ఓవెన్ ‘డైనోసార్’ అనే మాట పుట్టించింది ఈ మూడింటి కోసమే. హైదరాబాదు బిర్లా మ్యూజియంలో మా పిల్లలకు నేను చూపించిన కోటసారస్ మన తెలంగాణలోని యామన్‌పల్లిలో దొరికిన సరుకే అయినా, దానిదీ ఆ ‘డైనోసార్’ ఇంటిపేరే.

ఇగ్వానోడాన్ ఖడ్గమృగంలా నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంది. ముక్కు మీద కొమ్ము. 1853 డిసెంబరు 31 రాత్రి దీని అచ్చులోనే ఇరవై మందికి పైగా కూర్చుని విందు చేసుకున్నారు. తల వైపు కుర్చీ ఓవెన్‌ది. పాతికేళ్లు తిరక్కుండానే, 1878లో, బెల్జియం గనిలో పూర్తి అస్థిపంజరాలు బయటపడ్డాయి. ముక్కు మీది కొమ్మనుకున్నది దాని బొటనవేలు!

"తాతయ్యా, వేలు ముక్కు మీద పెట్టారా?" అని మనవడు ముక్కు మీద వేలేసుకున్నాడు. నవ్వాగలేదు. న్యాయంగా చెప్పాలంటే ఆ కొమ్ము ఓవెన్‌ది కాదు, అది ఇగ్వానోడాన్‌కి ఆ పేరు పెట్టిన మాంటెల్ ఊహ. ఓవెన్ దాన్ని అనుమానించాడు కూడా. దానికి ఏనుగు కాళ్లలాంటి లావు కాళ్లు పెట్టించిన పాపం మాత్రం ఓవెన్‌దే. న్యూజిలాండ్ నుంచి వచ్చిన జానెడు కూడా లేని ఎముక ముక్క చూసి, ఇది ఉష్ట్రపక్షి లాంటి పెద్ద పక్షిదని 1839లో చెప్పి నెగ్గిన మనిషి! నా ఐదో వేలు ఏ పూటకాపూట డస్టర్‌తో తుడిచేస్తే పోయింది. ఆయన కాళ్లు సిమెంటులో నిలిచిపోయాయి.

ఆ కొమ్ము మీద కాకి ఒకటి వాలింది. బెంచీ మీద కూర్చుని పులిహోర డబ్బా తీశాం. పక్క బెంచీ పెద్దాయన కుక్క మా డబ్బా వంకే చూస్తోంది. ఆయన మొహమాటంగా నవ్వి దాన్ని లాక్కున్నాడు. చిన్నప్పుడు వాళ్ల నాన్న ఇక్కడికి తెచ్చేవాడట. ‘‘అప్పుడు ఇవి ఇంకా పెద్దగా ఉండేవి’’ అన్నాడు.