జిప్సీ అంటే ఎందుకంత ఇష్టమో

మొన్న బావ పాత మారుతి జిప్సీలో మారేడుమిల్లి అడవి దారుల్లో తిరిగాం. ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. ముందూ వెనకా కమాను పట్టీలే (లీఫ్ స్ప్రింగులు) కాబట్టి ప్రతి గుంతా నడుముకి తెలుస్తుంది. అయినా ఇంకో బండి ఎక్కాలనిపించలేదు.

ఒక చోట వానకి కోసుకుపోయిన ఎర్రమట్టి ఎత్తు వచ్చింది. నాకు టెన్షన్. బావ మాత్రం తాపీగా బండి ఆపి, గేర్ రాడ్ పక్కనున్న చిన్న రాడ్‌ని 'ఫోర్ లో'లో, అంటే నాలుగు చక్రాలకీ శక్తి అందుతూ నిదానంగా లాగే గేర్‌లో వేశాడు. "గట్టిగా తొక్కకూడదురా, దాని పని దాన్ని చేసుకోనివ్వాలి" అన్నాడు. నాలుగు చక్రాలూ నేలని పట్టుకుని, నిదానంగా, ఎక్కడా జారకుండా పైకెక్కేసింది. బండి బరువు సుమారు టన్నే. బురదలో అదే దాని బలం. బరువైన బండ్లు దిగబడే చోట ఇది తేలిగ్గా బయటపడుతుంది.

సుజుకి ఎస్‌జే410 అనే జీపు ఆధారంగా 1985లో మన దగ్గరికి వచ్చిన బండి ఇది. మొదట్లో 970 సీసీ ఇంజనే. 1996లో 1.3 లీటర్ల జిప్సీ కింగ్ వచ్చాక కొండదారుల్లో అసలు హుషారు కనిపించింది. సైన్యం, పోలీసులు, సఫారీలు, హిమాలయాల్లో ర్యాలీలు, అన్నిచోట్లా ఇదే ఉండేది. డీజిల్ ఇంజన్ ఇచ్చుంటే ఊళ్లలో ఇంకా ఎక్కువ కనబడేదని నా నమ్మకం. 2019లో మామూలు జనానికి అమ్మడం ఆపేశారు.

బాగున్న జిప్సీ ఎవరైనా అమ్ముతున్నారని తెలిస్తే చెప్పండి, నిజంగానే అడుగుతున్నా. ఛాసిస్‌కి తుప్పు పట్టకుండా ఉంటే చాలు, మిగతావి చేయించుకోవచ్చు.